ఇంటి వంటలో పసిపిల్లల వాటా

దూడకు దాణా ఎప్పుడు మొదలు పెట్టవలెనో, పాడి గేదెకు పూటకు ఎంత తవుడు కలపవలెనో అడిగిన వెంటనే చెప్పగల రైతులు మనలో ఎందరో కలరు. అట్టి రైతునే "మీ ఇంటిలోని 8 నెలల పాప నిన్న మధ్యాహ్నము ఎంత తిన్నది?" అని అడిగినచో, "ఏముంది, మేము తిన్నదే కాస్త పెట్టినారు" అని జవాబు వచ్చును. మీరు తిన్నదే పెట్టుటలో తప్పు లేదు. ఆ కాస్త ఎంత, దానిని కుండలో నుండి ఎప్పుడు తీసినారు అనునవే తెలిసికొనవలసిన సంగతులు.

6 నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమియు, నీరు సైతము, అక్కరలేదు. ఆ తరువాత పాలు మాత్రమే చాలవు. తల్లిపాలు త్రాగుచున్న బిడ్డకు ఆ పాలకు తోడుగా 6 నుండి 8 నెలల వయసులో రోజుకు సుమారు 200 కాలరీలు, 9 నుండి 11 నెలలలో 300, రెండవ ఏట 550 కాలరీలు ఆహారము వలన రావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఈ కాలములో ఆగిపోయిన ఎదుగుదలను తరువాత పూడ్చుట బహు కష్టము. నారుమడిలో గిడసబారిన నారుకు పొలములో ఎంత ఎరువు వేసినను ఏమగునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇందులో ఒక చిక్కు కలదు. పసిబిడ్డ కడుపు చాల చిన్నది. బరువులో కిలోకు సుమారు 30 గ్రాముల చొప్పున మాత్రమే ఒక పూటకు పట్టును. 8 కిలోల బిడ్డకు పట్టునది 240 గ్రాములు, అనగా ఒక గ్లాసుకు కొంచెము ఎక్కువ. ఆ చోటును పలుచని జావతోనో, చారులో నానిన నాలుగు మెతుకులతోనో నింపినచో కడుపు నిండును, బిడ్డ ఏడుపు మానును, కాని ఒంటికి పట్టునది స్వల్పము. లెక్క చూడుడు: గ్లాసు నీటిలో 10 గ్రాముల రాగిపిండి వేసి కాచిన జావలో 35 కాలరీలు మించి ఉండవు. అదే గ్లాసులో 30 గ్రాముల పిండి వేసి, దించిన తరువాత ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని కలిపినచో సుమారు 150 కాలరీలు లభించును. గరిటె వంచినపుడు నీళ్ల వలె కారిపోక, నిలిచి మెల్లగా జారునట్టి ఆహారమే బిడ్డకు తగినది.

ఇందుకు వేరొక పొయ్యి గాని, వేరొక వంట గాని అక్కరలేదు. ప్రతిదినము మీ ఇంట ఉడుకు పప్పు చాలును. కందిపప్పులో గాని పెసరపప్పులో గాని తోటకూర, పాలకూర, లేత మునగాకు ఏది దొరికిన అది వేసి మెత్తగా ఉడికించుడు. పచ్చిమిరపకాయలు, కారము, చింతపండు, ఉప్పు వేయుటకు ముందే రెండు గరిటెల పప్పు బిడ్డ గిన్నెలోనికి తీయవలెను. దానిలో అప్పుడే వండిన అన్నము కలిపి, వ్రేళ్లతో మెదిపి, ఒక చెంచా నెయ్యి వేసి, రెండు చుక్కల నిమ్మరసము పిండుడు. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టుటకు ఆ నిమ్మరసము తోడ్పడును. మిగిలిన పప్పులో మీకు కావలసినంత కారము వేసికొని తిరగమోత పెట్టుకొనవచ్చును. ముందు కారము వేసి, తరువాత బిడ్డకని నీళ్లు పోసి కడిగి పెట్టు అలవాటు కొన్ని ఇండ్లలో కలదు. కడిగిన నీటితో పప్పు కూడ పోవును గాని కారము పూర్తిగా పోదు.

గ్రుడ్డు ఉన్ననాడు ఉడికించి మెదిపి కలుపుడు. చేప వండిననాడు ముల్లు తీసి పెట్టుడు. వేరుసెనగ గింజలను గింజలుగా ఇచ్చినచో గొంతులో అడ్డుపడును, కావున వేయించి పొడి చేసి కలుపవలెను. బూజు పట్టిన గింజలు, ముడుతలు పడి రంగు మారిన గింజలు బాగుచేసి వాడుదమని తలపక పారవేయుడు. వాటిలోని విషము వేయించినను పోదు. తేనె ఏడాది నిండువరకు నాకించరాదు. టీ ఏ పిల్లలకును వలదు, అది ఇనుమును ఒంటికి పట్టనీయదు.

చిక్కని జావను మ్రింగలేని బిడ్డలు కొందరు ఉందురు. వారి కొరకు మొలకల పిండి సిద్ధము చేసికొనుడు. రాగులను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలక కనబడిన పిదప ఎండలో ఆరబెట్టవలెను. మొలకలను నలిపి చెరిగివేసి, సన్నని సెగపై తడి ఆరువరకు మాత్రమే వేయించి విసరుడు. నల్లబడునట్లు వేయించినచో దాని గుణము చెడును. చిక్కగా ఉడికిన జావను దించి, కొంచెము వేడి తగ్గిన తరువాత ఈ పిండి ఒక చెంచా వేసి కలిపినచో కొద్దిసేపటిలోనే జావ పలుచబడును. పిండి తగ్గకుండ పలుచబడుటయే ఇందలి లాభము. తరువాత ఒక పొంగు రానిచ్చి, చల్లార్చి పెట్టుడు.

ఇక నాట్ల రోజులు, పత్తి తీత రోజులు. తల్లి తెల్లవారకముందే వండి పొలమునకు పోవును. బిడ్డ అమ్మమ్మ వద్దనో, ఏడేండ్ల అక్క వద్దనో ఉండును. ఉదయము వండిన పప్పన్నము ఎండకాలములో మధ్యాహ్నము వరకు నిలువ ఉండదు. రెండు గంటలు దాటినచో మరల పొగలు వచ్చునట్లు కాచి పెట్టవలెను. దీనికంటె సులువైనది మన పెద్దల ఉగ్గుపొడి. మూడు పాళ్లు బియ్యము, ఒక పాలు పెసరపప్పు విడివిడిగా వేయించి, విసరి, తడి తగలని డబ్బాలో ఉంచినచో, ఇంట ఉన్న పెద్దవారు కొద్ది నిమిషములలో వేడిగా కాచి పెట్టగలరు. ఏడేండ్ల పిల్లను మాత్రము పొయ్యి దగ్గరకు పంపరాదు. అంగన్‌వాడీ నుండి వచ్చు బాలామృతమును ఇంటిల్లిపాదియు పంచుకొనక ఆ బిడ్డకే ఉంచుడు. పొలము నుండి తండ్రి ముందుగా వచ్చిననాడు ఈ పని ఆయన చేయుటకు అడ్డేమియు లేదు. దాణా కలుపు చేయి ఉగ్గు కలుపలేదా?

పసిపిల్లలున్న ఇంట నేల పొయ్యి కంటె అరుగు మీది పొయ్యి మేలు. నేల మీదనే వండువారు పొయ్యి చుట్టు రెండు బారల దూరము బిడ్డను రానీయరాదు. వార్చిన గంజి, దించిన పప్పు గిన్నె నేలపై ఉంచి వెనుకకు తిరుగుట వలననే పిల్లలు ఒళ్లు కాల్చుకొందురు. గంజి మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. బియ్యమును పదేపదే కడిగి, వార్చి, గంజి పారబోసినచో థయామిన్ అను విటమిను పోవును. మర పట్టిన తెల్ల బియ్యము మీదనే ఆధారపడిన ఉత్తర సర్కారు జిల్లాలలో పూర్వము బెరిబెరి వ్యాధి విరివిగా ఉండెను. ఎసరు సరిపోవునట్లు పెట్టి అత్తెసరుగా వండినచో ఈ నష్టము ఉండదు.

మందు కొట్టిన చేతులతో బిడ్డకు అన్నము కలుపవలదు. పొలము నుండి వచ్చినవారు బట్టలు విడిచి, సబ్బుతో స్నానము చేసిన తరువాతనే బిడ్డను ఎత్తుకొనవలెను. మందు డబ్బా ఎంత కడిగినను నీళ్లకు గాని నూనెకు గాని పనికిరాదు. పత్తి చేను గట్టున మొలచిన తోటకూర ఎంత నవనవలాడుచున్నను కోయరాదు. ఆకుకూర కొరకు పెరటిలో రెండు మళ్లు, ఒక మునగచెట్టు చాలును.

పప్పు విషయములో యజమాని చేయవలసిన లెక్క ఒకటి కలదు. పసిబిడ్డకు రోజుకు 30 గ్రాముల పప్పు చొప్పున ఏడాదికి 11 కిలోలు అగును. అందుకు సుమారు 16 కిలోల కందులు కావలెను. కళ్లములో ధర బాగున్నదని బస్తాలన్నియు తూచి, తరువాత ఇంటికి అంగడి నుండి పావుకిలో చొప్పున కొని తెచ్చు రైతులు కలరు. ఆ పావుకిలో పప్పు పెద్దల చారుకే సరిపోవును. బండి ఎక్కకముందే ఆ 16 కిలోలు వేరుచేసి, వేపాకు వేసి నిలువ ఉంచుడు.

బిడ్డకు వేరే గిన్నె ఉండవలెను. అన్నతో ఒకే కంచములో కూర్చున్నచో అన్న నాలుగు ముద్దలు తినులోపల తమ్ముడు ఒకటి తినును. గిన్నె వేరుగా ఉన్నచో మిగిలినది కంటికి కనబడును. 8 నెలలవరకు రోజుకు రెండు మూడు పూటలు, 9 నెలల నుండి మూడు నాలుగు పూటలు, మధ్యలో అరటిపండో బొప్పాయి ముక్కయో పెట్టుడు. విరేచనములు పట్టినపుడు పథ్యమని ఆహారము మాన్పించరాదు. ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించుచు, తల్లిపాలను, మెత్తని అన్నమును కొనసాగించి, ఆరోగ్య కార్యకర్తకు చూపవలెను. తగ్గిన తరువాత రెండు వారములపాటు రోజుకు ఒక పూట అదనముగా పెట్టుడు.

నెలకొకసారి అంగన్‌వాడీలో బిడ్డను తూయించి, కార్డుపై చుక్క పెట్టించుడు. వరుసగా రెండు నెలలు గీత పైకి పోనిచో మూడవ నెల వరకు వేచియుండక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొనిపోవలెను. పోవునపుడు ఆ కార్డును వెంట ఉంచుకొనుడు.