శాశ్వత హిమభూమి కరగినచో నీరు ఏమగును?

1828వ సంవత్సరమున సైబీరియాలోని యకూత్స్క్ నగరములో షెర్గిన్ అను వర్తక సంస్థ ఉద్యోగి నీటికొరకు బావి త్రవ్వించుటకు పూనుకొనెను. ఎంత త్రవ్వినను నేల గడ్డకట్టియే యున్నది. 1837 నాటికి బావి లోతు 116 మీటర్లైనను నీరు పడలేదు. పని అంతటితో ఆగిపోయినది. తరువాత 1840 దశకములో మిడెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు ఆ బావిలో వివిధ లోతులయందు ఉష్ణోగ్రతలను కొలిచి, అడుగువరకు నేల సున్న డిగ్రీలకన్న చల్లగా నున్నదని కనుగొనెను. నీరు పడని బావి ఈ విధముగ శాస్త్రమునకు ఉపకరించినది.

వరుసగా రెండేండ్లైనను సున్న డిగ్రీల సెంటిగ్రేడుకు మించని ఉష్ణోగ్రతలో నుండు నేలను శాశ్వత హిమభూమి అందురు. ఇంగ్లీషులో దీనికి పెర్మాఫ్రాస్ట్ అని పేరు. వేసవిలో దీనిపైనున్న పలుచని పొర మాత్రమే కరగి, శీతాకాలమున మరల గడ్డకట్టును.

సామాన్యముగ వాననీరు మట్టి రేణువుల నడుమ సందులగుండ క్రిందికి ఇంకును. హిమభూమిలో ఆ సందులు మంచుతో పూడియుండుటచే నీరు ఇంకుటకు దారి లేదు. యకూత్స్క్ ప్రాంతమున ఏటా కురియు వాన, మంచు కలిపి సుమారు 240 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను ఆ పరిసరములలో చెరువులు విస్తారముగ నున్నవి. మన చెరువు అడుగున బంకమట్టి నీటిని నిలుపునట్లు, అచ్చట గడ్డకట్టిన నేల నీటిని నిలుపుచున్నది. అదే నేల, మరింత లోతుననున్న భూగర్భజలమునకు మూతవలె నుండి, దానిని పైకి రానీయదు.

మంచు కరగినచో నీరు పెరుగవలెనుగదా అని విద్యార్థులకు తోచవచ్చును. మొదట జరుగునది అదియే. నేలలోని మంచుగడ్డలు కరగగానే పైనేల క్రుంగి పల్లములేర్పడును. వానిలో నీరు చేరి క్రొత్త చెరువులు పుట్టును. నిలిచిన నీరు తన వేడిచే అడుగునేలను ఇంకను కరగించును. హిమభూమి పలుచనైనచోట ఈ కరగుదల ఆవలి అంచువరకు పోవును. అప్పుడు చెరువునీరు భూగర్భములోనికి ఇంకిపోవును.

లారెన్స్ స్మిత్ మొదలగు శాస్త్రజ్ఞులు పశ్చిమ సైబీరియాలోని పెద్ద చెరువులను 1973 నాటి ఉపగ్రహ చిత్రములలోను, 1997-98 నాటి చిత్రములలోను లెక్కించి, ఫలితములను 2005లో ప్రకటించిరి. 10,882గా నున్న చెరువుల సంఖ్య 9,712కు తగ్గినది. కాని హిమభూమి ఎడతెగక వ్యాపించియున్న భాగములో చెరువుల విస్తీర్ణము 12 శాతము పెరిగినది. ఒకే వేడిమి ఒకచోట చెరువులను పెంచగా, వేరొకచోట ఎండగట్టినదన్నమాట.

ఇంకిన నీటిలో కొంత భూమిలోపలి దారుల వెంట నదులను చేరును. శీతాకాలమున వాన లేదు, పైమంచు కరగదు. అప్పటి నదీప్రవాహమునకు భూగర్భజలమే ఆధారము. ఉత్తర రష్యా నదులు పెక్కింటిలో శీతాకాలపు ప్రవాహము పెరిగినట్లు దీర్ఘకాలపు కొలతలు తెలుపుచున్నవి. దీనికి హిమభూమి కరగుట ఒక కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

నీటి పరిమాణమేగాక గుణముకూడ మారుచున్నది. అలాస్కాలోని బ్రూక్స్ పర్వతశ్రేణిలో కనీసము 75 వాగులు నారింజరంగుకు మారినట్లు 2024లో ఒక పరిశోధన వెల్లడించినది. ఇంతకాలము మంచులో బంధింపబడిన గంధక ఖనిజములకు నీరు, ఆమ్లజని తగిలినచో ఆమ్లము పుట్టి, ఇనుము కరగి వెలువడును. ఆ ఇనుము తుప్పుగా మారుటయే ఈ రంగునకు కారణమని భావించుచున్నారు. జింకు, నికెల్ వంటి లోహములుకూడ నీటిలో చేరుచున్నవి. ఇవి చేపలకును, ఆ నీటిని వాడుకొను గ్రామములకును హానికరములు కావచ్చును.

1979 మొదలు ఆర్కిటిక్ ప్రాంతము ప్రపంచ సగటుకన్న దాదాపు నాలుగింతలు వేగముగ వేడెక్కుచున్నది. కనుక ఉత్తరదేశములలో నీటి వనరులను లెక్కించువారు వానను, నదిని కొలిచిన చాలదు. నేలక్రింద మంచు ఎంత మందమున నిలిచియున్నదో ఏటేట చూడవలసియున్నది. ఒకనాడు షెర్గిన్‌కు నీరు దక్కనీయనిది ఆ మంచే. నేడు పెక్కు గ్రామములకు చెరువునీటిని నిలుపుచున్నదియు అదియే.