లెక్కలోకి రాని ఆట!

గెలిస్తే ఆ గెలుపు పట్టికలో పడదు. ఓడితే ఓటమీ పడదు. ఎన్ని బుట్టలు వేసినా ఆ పాయింట్లు ఆటగాడి ఖాతాలో చేరవు. అలాంటి మ్యాచ్‌కి ఎంతమంది వస్తారంటారు? వందా? రెండొందలా? 2017 అక్టోబరు 22న అమెరికాలోని కాన్సస్ సిటీలో అచ్చంగా అలాంటి ఆటకే దాదాపు 19 వేల మంది వచ్చారు. స్ప్రింట్ సెంటర్ స్టేడియంలో కుర్చీ దొరికితే ఒట్టు!

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అసలు సీజన్ నవంబరు మొదట్లో మొదలవుతుంది. అంతకుముందు అక్టోబరులో జట్లు ఆడుకునే సన్నాహక పోటీలే ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు. వాటిలో వచ్చిన డబ్బు ఆపదలో ఉన్నవాళ్లకు పోయేవి చారిటీ మ్యాచ్‌లు. అక్టోబరు వచ్చిందంటే వీటి సందడే. ఆట మొదలయ్యేలోపు ఈ విశేషాలు జేబులో వేసుకోండి, పక్కవాళ్ల నోరు తెరిపించడానికి పనికొస్తాయి!

మీకు తెలుసా? అప్పట్లో రెండు పెద్ద కాలేజీ జట్లు సీజన్‌కి ముందు తలపడాలంటే తలుపులు మూసుకుని ఆడుకోవాల్సిందే! ప్రేక్షకులు ఉండరు, టికెట్లు ఉండవు, స్కోరు ప్రకటించరు. వాటికి పేరు కూడా రహస్య సాధన పోటీలనే. ఏడడుగుల మనుషులు దొంగచాటుగా ఆడుకోవడం ఊహించుకోండి!

మరి 2017లో ఆ తలుపులు ఎవరు తెరిచారు? తుపానులు! ఆగస్టులో హార్వీ టెక్సాస్‌ని ముంచింది. సెప్టెంబరులో ఇర్మా ఫ్లోరిడా మీద పడింది. పది రోజులకే మారియా ప్యూర్టో రికోని చీకట్లో పడేసింది. బాధితులకు విరాళం పోగుచేస్తామంటే, కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ తన నియమాన్ని పక్కనపెట్టి ప్రత్యేక అనుమతులిచ్చింది. నియమాల పుస్తకానికి కూడా గుండె ఉందన్నమాట!

హార్వీ వరదలో హ్యూస్టన్ విశ్వవిద్యాలయం దగ్గర 200 మంది భారతీయ విద్యార్థులు చిక్కుకుపోయారని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ స్వయంగా ప్రకటించిన సంగతి గుర్తుందా? హ్యూస్టన్‌లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ వారం ఇక్కడ ఎన్ని ఇళ్లలో ఫోన్లు పగలూ రాత్రీ మోగాయో!

సరే, ఆ అనుమతితో కోర్టులోకి దిగిందెవరు? కాన్సస్, మిస్సోరీ. మీకు తెలుసా? ఈ రెండు విశ్వవిద్యాలయాలూ వందేళ్లకు పైగా పోట్లాడుకుని, 2012 నుంచి బాస్కెట్‌బాల్‌లో ముఖాముఖి ఆడటమే మానేశాయి! మిస్సోరీ తన పాత లీగ్‌ని వదిలి వేరే లీగ్‌లోకి వెళ్లడంతో మాటలు బంద్, ఆటలూ బంద్. పక్కపక్క రాష్ట్రాలే సుమా!

ఆ చివరి ఆట ఎలా ముగిసిందో తెలుసా? 2012 ఫిబ్రవరి 25. కాన్సస్ సొంత కోర్టులో 19 పాయింట్లు వెనకబడింది. అక్కడి నుంచి లేచి, అదనపు సమయం దాకా లాక్కెళ్లి, 87-86తో గెలిచింది. ఒక్క పాయింటు! ఆ ఒక్క పాయింటును మిస్సోరీ అభిమానులు ఐదేళ్లు గుండెల్లో మోశారు!

ఇప్పుడు చిన్న ప్రశ్న. కాన్సస్ సిటీ ఏ రాష్ట్రంలో ఉంది? కాన్సస్‌లో అన్నారా? పప్పులో కాలేశారు! పెద్ద ఊరు, మ్యాచ్ జరిగిన స్టేడియంతో సహా, ఉన్నది మిస్సోరీలో. అదే పేరుతో ఇంకో ఊరు కాన్సస్ వైపు ఉంది. మధ్యలో స్టేట్ లైన్ రోడ్డు అని ఒక వీధి. ఆ వీధికి ఈ పక్క ఇల్లు ఒక రాష్ట్రం, ఎదురిల్లు ఇంకో రాష్ట్రం. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు ఇది రోజూ దాటే రోడ్డే. పంచదార అప్పు అడగాలంటే రాష్ట్రం దాటాలి!

ఈ వైరం బంతితో మొదలవలేదని మీకు తెలుసా? బానిసత్వం ఉండాలా, పోవాలా అని 1850లలో ఈ రెండు ప్రాంతాల మధ్య నిజంగానే నెత్తురు పారింది. మిస్సోరీ బానిసత్వం ఉన్న రాష్ట్రం. కాన్సస్ అది లేకుండానే 1861లో రాష్ట్రమైంది. 1863 ఆగస్టు 21న క్వాంట్రిల్ అనేవాడి ముఠా మిస్సోరీ వైపు నుంచి వచ్చి, ఇప్పుడు కాన్సస్ విశ్వవిద్యాలయం ఉన్న లారెన్స్ పట్టణాన్ని తగలబెట్టి, 150 మందికి పైగా మగవాళ్లనూ అబ్బాయిలనూ చంపింది. ఇక్కడ జోకు లేదు. అలాంటి రెండు ప్రాంతాల వాళ్లు ఒకే కప్పు కింద కూర్చుని తుపాను బాధితుల కోసం చప్పట్లు కొట్టారు. నాకైతే ఒళ్లు జలదరించే విశేషం అదే.

జట్ల పేర్లూ ఆ రోజులవే! మిస్సోరీ జట్టు ‘టైగర్స్’. అంతర్యుద్ధ కాలంలో, మిస్సోరీ విశ్వవిద్యాలయం ఉన్న కొలంబియా పట్టణానికి కాపలా కాసిన స్థానిక దళం పేరది. అడవి పులి కాదు, ఊరి పులి!

కాన్సస్ జట్టు గుర్తు ‘జేహాక్’ అనే పక్షి. దాన్ని ఏ అడవిలో చూడొచ్చో తెలుసా? ఎక్కడా చూడలేరు! లోకంలో అలాంటి పక్షే లేదు. బ్లూ జే, స్పారో హాక్ అనే రెండు పక్షుల పేర్లు కలిపి పుట్టించారు. గుడ్డు పెట్టని పక్షికి లక్షల మంది అభిమానులు!

ఈ పోటీని ముద్దుగా ‘సరిహద్దు యుద్ధం’ అనేవారు. 2004లో అధికారికంగా ఆ పేరు తీసేసి ‘బోర్డర్ షోడౌన్’ అన్నారు. ఇరాక్‌లో నిజం యుద్ధం నడుస్తుంటే ఆటను యుద్ధమనడం బాగుండదనుకున్నారు. 2017 చారిటీ మ్యాచ్‌కి ‘షోడౌన్ ఫర్ రిలీఫ్’ అని పేరు పెట్టారు. ఊళ్లో అభిమానులు మాత్రం పాత పేరు వదల్లేదు!

మీకు తెలుసా? ఈ రెండు కాలేజీలకూ అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎవరు ఎన్నిసార్లు గెలిచారన్నదానిపైనే ఏకాభిప్రాయం లేదు! 1960లో మైదానంలో కాన్సస్ గెలిచింది. తర్వాత ఓ ఆటగాడి అర్హత చెల్లదని ఆ గెలుపు మిస్సోరీకి ఇచ్చారు. ఇప్పటికీ ఎవరి లెక్క వారిదే. ఒక మ్యాచ్, ఇద్దరు విజేతలు!

మిస్సోరీకి 32 ఏళ్లు కోచ్‌గా ఉన్న నార్మ్ స్టూవర్ట్ గురించి ఓ కథ చెప్పుకుంటారు. కాన్సస్‌లో ఆడటానికి వెళ్లినా సరే, ఆ గడ్డ మీద తన జట్టు డబ్బు ఖర్చవడం ఆయనకు ఇష్టం లేదట. బస, భోజనం, బస్సుకి ఇంధనం అన్నీ సరిహద్దుకి ఇవతలేనట! పంతమంటే అదీ!

అంత పంతం ఉన్నచోట చేతులు కలిపితే ఎంత వసూలైందో తెలుసా? సుమారు 20 లక్షల డాలర్లు! అప్పటి లెక్కన దాదాపు 13 కోట్ల రూపాయలు, ఒక్క మధ్యాహ్నంలో. స్టేడియంలో చోటు దొరకనివాళ్లు ఇంట్లో కూర్చుని చూడటానికి 40 డాలర్లు కట్టారు. స్కోరు కాన్సస్ 93, మిస్సోరీ 87. లెక్కలోకి వచ్చింది డబ్బు మాత్రమే!

ఆ రోజు అందరి కళ్లూ మిస్సోరీ కుర్రాడు మైకేల్ పోర్టర్ జూనియర్ మీదే. దేశంలోకెల్లా గొప్ప కొత్త ఆటగాళ్లలో ఒకడని అప్పటికే పేరు. తండ్రి అదే జట్టుకి సహాయ కోచ్, తమ్ముడు అదే జట్టులో ఆటగాడు. మనవాడు కాన్సస్ మీద 21 పాయింట్లు వేశాడు. ‘సీజన్ మొదలవనీ, చూడండి’ అని మిస్సోరీ మురిసిపోయింది.

నవంబరు 10న సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లో అతను ఆడింది ఎంతసేపో ఊహించండి. రెండు నిమిషాలు! వెన్ను దెబ్బ, ఆ తర్వాత శస్త్రచికిత్స. మార్చిలో తిరిగొచ్చి ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడాడు. 2, 12, 16. మొత్తం 30 పాయింట్లు. కాలేజీ చరిత్ర అంతటితో సరి. అంటే మిస్సోరీ చొక్కా వేసుకుని అతను వేసిన అత్యధిక పాయింట్లు ఏ రికార్డులోనూ లేవు, ఆ చారిటీ మ్యాచ్‌లోనే ఉన్నాయి! ఆ రోజు 40 డాలర్లు కట్టినవాళ్లు ఎంత అదృష్టవంతులో! కుర్రాడి గురించి బెంగ వద్దు, 2023లో డెన్వర్ జట్టుతో ఎన్‌బీఏ విజేత అయ్యాడు.

కాన్సస్ సంగతి ఇంకా విచిత్రం. ఆ సీజన్‌లో దేశంలోని చివరి నాలుగు జట్లలో నిలిచింది. 2023లో, ఓ ఆటగాడి అర్హత వివాదంపై తీర్పు వచ్చి, ఆ సీజన్ విజయాల్లో 15 కొట్టేశారు. చివరి నాలుగులో నిలిచిన ఘనతా పోయింది. చారిటీ మ్యాచ్ గెలుపు ముందే లెక్కలో లేదు కనుక, దాన్ని ఎవరూ తుడిచేయలేకపోయారు!

లెక్కలోకి రాని పాయింట్లంటే గుర్తొచ్చింది. 1955 నవంబరులో కాన్సస్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు సీనియర్లతో ఎగ్జిబిషన్ ఆడారు. అప్పట్లో మొదటి ఏడాది వాళ్లకు అసలు జట్టులో ఆడే వీలే లేదు. కుర్రాళ్లు 81-71తో సీనియర్లను మట్టికరిపించారు. అందులో ఒక్కడే 42 పాయింట్లు వేశాడు. పేరు విల్ట్ చాంబర్లెన్, ఎత్తు ఏడడుగుల పైమాటే. ర్యాగింగ్‌కి ఇంతకంటే మంచి విరుగుడు ఉందా!

ఇంకా వెనక్కి వెళ్దామా? బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కాన్సస్ తొలి కోచ్ అని మీకు తెలుసా? 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పీచు పండ్ల బుట్టలు బాల్కనీ రెయిలింగ్‌కి కొట్టించి ఆట మొదలుపెట్టాడు. తొలి మ్యాచ్ స్కోరు 1-0! బుట్టలకు అడుగు ఉండేది, బంతి పడితే నిచ్చెన ఎక్కి తీయాలి. ఒక్కటే పడింది కనుక నిచ్చెన ఎక్కినవాడు బతికిపోయాడు!

1907లో కాన్సస్, మిస్సోరీ తొలిసారి తలపడ్డాయి. కోచ్ నైస్మిత్ గారే. ఎవరు గెలిచారు? మిస్సోరీ! ఆయన మొత్తం లెక్క 55 గెలుపులు, 60 ఓటములు. కాన్సస్ కోచ్‌లందరిలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికే. ఆట పుట్టించినాయనకు!

ఆయన టైపు చేయించిన 13 నియమాల కాగితాలు రెండు. 2010 వేలంలో ఎంత పలికాయో తెలుసా? 43 లక్షల డాలర్లకు పైగా! కొన్నది లారెన్స్‌లో నైస్మిత్ పేరున్న వీధిలోనే పెరిగిన డేవిడ్ బూత్. అమ్మిన మనవడు ఆ డబ్బు సేవా సంస్థకే అన్నాడు. ఒక్కో కాగితం ఒక్కో చారిటీ మ్యాచ్ పెట్టు!

1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి చేరింది. కనిపెట్టిన పెద్దాయనను అక్కడికి పంపింది చందాలే! బాస్కెట్‌బాల్ కోచ్‌లు మ్యాచ్‌ల రాబడిలోంచి డబ్బు పోగుచేశారు. ఫైనల్ మాత్రం ఆరుబయట మట్టికోర్టులో, వానలో. అమెరికా 19, కెనడా 8. బురదలో బంతి ఎగరనే లేదు!

కాన్సస్ సొంత కోర్టు అలెన్ ఫీల్డ్‌హౌస్ ముచ్చట్లు రెండు. ఎదుటి జట్టును పరిచయం చేస్తుంటే విద్యార్థులంతా పేపర్లు అడ్డం పెట్టుకుని చదువుతున్నట్టు నటిస్తారు. సొంత జట్టు రాగానే అవే చింపి గాల్లోకి! ఇక 2017 ఫిబ్రవరిలో వాళ్ల అరుపు 130.4 డెసిబెల్స్‌కి చేరి గిన్నిస్‌కెక్కింది. చెవులు నొప్పిపుట్టే మోత!

2023లో హవాయిలోని మావి దీవిలో లహైనా పట్టణం కాలిపోయింది, వందమందికి పైగా చనిపోయారు. ఆ అక్టోబరు 29న ఒకే రోజు ఆ బాధితుల కోసం రెండు చారిటీ మ్యాచ్‌లు. ఒకదాంట్లో సీజన్‌కి ముందే దేశంలో నంబర్ వన్ ర్యాంకు ఇచ్చిన కాన్సస్ ఇల్లినాయ్ చేతిలో 82-75తో బోల్తా! రెండోదాంట్లో టెన్నెసీ 89, మిషిగన్ స్టేట్ 88. లెక్కలేని ఆటకి అంత ఉత్కంఠా!

బాస్కెట్‌బాల్ వాళ్లకి మావి మీద అంత ప్రేమ ఎందుకంటారా? ఏటా పెద్ద జట్లు ఆడే టోర్నీ ఆ లహైనాలోదే, 2,400 మంది పట్టే చిన్న హాల్లో. అసలది పుట్టింది ఓ వింత వల్ల. 1982లో హవాయి చిన్న కాలేజీ చామినాడ్, నంబర్ వన్ వర్జీనియాను 77-72తో ఓడించింది. చీమ ఏనుగుని పడేసిందని దేశమంతా కళ్లు నులుముకుంది!

ఆఖరుగా ఒకటి. 2019లో కాన్సస్, మిస్సోరీ మళ్లీ ఆడదామని ఒప్పందం చేసుకున్నాయి. కోవిడ్ వచ్చి ఏడాది ఆలస్యం. 2021 డిసెంబరు 11న, అలెన్ ఫీల్డ్‌హౌస్‌లో, కాన్సస్ 102, మిస్సోరీ 65. ఈసారి మాత్రం లెక్కలోకి వచ్చింది!