ఇంటి మూలలో చిత్రశాల

చేవెళ్ల నుంచి మొయినాబాద్ మీదుగా హైదరాబాద్ వెళ్లే దారి మర్రిచెట్లకు పేరుపొందింది. ఈసారి ఆ దారిలో వెళ్లేటప్పుడు చెట్లను చూశాక కాస్త కిందికి, నేలవైపు చూడండి. ఒకచోట నేల ఎర్రగా ఉంటుంది. కొంత దూరం పోతే నల్లగా ఉంటుంది. గ్రానైటు రాయి ఎండకూ వానకూ చితికి ఎర్రనేల అయింది. బసాల్టు అనే లావారాయి చితికి నల్లరేగడి అయింది. ఇంకా పడమరకు, మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల వైపు వెళ్తే ఇటుకపొడి లాంటి లాటరైటు మన్ను కనిపిస్తుంది. ఎరుపు ఎక్కడ ఉన్నా దానికి కారణం ఒక్కటే: ఇనుము.

ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మీలో చాలామందికి బొమ్మలు వేయాలని ఉంటుంది. కాని రంగుల పెట్టె ఖరీదు చూసి, ఇంట్లో వేరే గది లేదని అనుకొని ఆ కోరికను పక్కకు పెడతారు. మంచి చిత్రశాలకు వేరే గది అక్కరలేదు. నాలుగడుగుల చోటు, ఒక కిటికీ, ఒక పెట్టె చాలు. అయితే మూడు ప్రశ్నలకు మాత్రం సరైన జవాబు తెలియాలి. వెలుతురు ఎటునుంచి రావాలి? రంగు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు వెలిసిపోతుంది? ఏది మన ఒంటికి హాని చేస్తుంది? ఈ మూడూ మీ సైన్సు పాఠాలే.

వెలుతురు ఎటునుంచి?

బొమ్మలు వేసేవారి గదికి ఉత్తరపు కిటికీ ఉండాలని యూరప్ పుస్తకాల్లో రాసి ఉంటుంది. అక్కడ సూర్యుడు మధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు. అందువల్ల ఉత్తరపు కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. ఆకాశపు వెలుతురు మాత్రమే వస్తుంది. అది గంట గంటకూ మారిపోదు, నీడలు గట్టిగా పడవు.

మరి మన దగ్గర? చేవెళ్ల, మొయినాబాద్‌లు భూమధ్యరేఖకు సుమారు 17.3 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. కర్కటరేఖ 23.5 డిగ్రీల దగ్గర ఉంది. అంటే మనం ఉష్ణమండలం లోపల ఉన్నాం. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకొకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజు నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మన మధ్యాహ్న సూర్యుడు కొంచెం ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. జూన్ 21న ఆ ఒరుగు సుమారు 6 డిగ్రీలు. అంతేకాదు, మార్చి నుంచి సెప్టెంబరు వరకు సూర్యుడు తూర్పుకు కొంచెం ఉత్తరంగా పొడిచి, పడమరకు కొంచెం ఉత్తరంగా కుంకుతాడు. కనుక పొద్దునా సాయంత్రమూ ఉత్తరపు కిటికీలోకి కూడా ఏటవాలు ఎండ వస్తుంది.

అయినా మనకు కూడా ఉత్తరపు కిటికీయే మేలు. పైన అడుగున్నర చూరు గాని రేకు గాని ఉంటే 6 డిగ్రీల ఒరుగును అది ఆపేస్తుంది. పొద్దుటి, సాయంత్రపు ఎండకు ఒక పాత తెల్లచీర తెరగా కట్టండి. ఉత్తరపు కిటికీ లేకపోతే ఏ కిటికీకైనా ఈ తెర పనిచేస్తుంది. గుడ్డ వెలుతురును నలువైపులకు చెదరగొడుతుంది.

కుడిచేత్తో వేసేవారు వెలుతురు ఎడమనుంచి వచ్చేలా, ఎడమచేత్తో వేసేవారు కుడినుంచి వచ్చేలా కూర్చోవాలి. లేకపోతే మీ చేతి నీడే బొమ్మ మీద పడుతుంది. గోడకు నీలం గాని ఆకుపచ్చ గాని పూసి ఉంటే ఆ ఛాయ కాగితం మీదికి వస్తుంది. అలాంటప్పుడు గోడకు ఒక తెల్లగుడ్డ వేలాడదీయండి. రాత్రి వేయవలసి వస్తే పసుపు వెలుతురు బల్బు కింద వేయకండి. దాని కాంతిలో నీలం భాగం తక్కువ కాబట్టి నీలం రంగు మురికిగా కనిపిస్తుంది. 6500 కెల్విన్ అని రాసి ఉన్న ఎల్.ఇ.డి. బల్బు పగటి వెలుతురుకు దగ్గరగా ఉంటుంది.

రంగులో ఏముంది?

ఏ రంగు తీసుకున్నా అందులో ముఖ్యంగా రెండు వస్తువులుంటాయి. ఒకటి వర్ణకం, అంటే రంగునిచ్చే మెత్తని పొడి. రెండోది బంధకం, అంటే ఆ పొడిని కాగితానికి అతికించి ఉంచే జిగురు. నీటిరంగుల్లో బంధకం బంక. నూనెరంగుల్లో అవిసె నూనె. సున్నం కొట్టిన గోడ మీద సున్నమే బంధకం. అది గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి కాల్షియం కార్బనేటుగా గట్టిపడుతుంది.

మీ నాయనమ్మ బొమ్మ వేశారనుకోండి. ఆమె నుదుటి బొట్టు ఎరుపు మూడేళ్లలో వెలిసి తెల్లబడితే ఎలా ఉంటుంది? రంగు కొనేటప్పుడు గాని చేసుకునేటప్పుడు గాని అడగవలసిన మొదటి ప్రశ్న, అది ఎండకు తట్టుకుంటుందా అన్నది. పసుపు, బంతిపూలు, మోదుగుపూలు మంచి రంగు ఇస్తాయి. కాని వాటిలోని రంగు కార్బన్ సమ్మేళనాలది. కాంతిలోని శక్తి, ముఖ్యంగా అతినీలలోహిత కిరణాల శక్తి, ఆ అణువుల బంధాలను తెంచుతుంది. బంధం తెగితే రంగు పోతుంది. బతుకమ్మ మీది పూలకు ఒక్కరోజు రంగు చాలు. మీ బొమ్మకు చాలదు.

ఎర్రమన్ను సంగతి వేరు. దానిలోని రంగు ఫెర్రిక్ ఆక్సైడుది, అంటే తుప్పులో ఉండే పదార్థం లాంటిదే. ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో కలిసి స్థిరపడింది కాబట్టి ఎండ దానిని ఏమీ చేయలేదు. దీనికి అజంతా గుహలే సాక్ష్యం. 1819లో బయటి ప్రపంచానికి తెలిసిన ఆ గుహల్లోని అతి పాత చిత్రాల వయసు సుమారు రెండువేల ఏళ్లు. అక్కడి ఎరుపు, పసుపు రంగులు మన్నువే. అజంతా అప్పట్లో హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. 1920 దశకం మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీనుంచి ఇద్దరు నిపుణులను రప్పించి చిత్రాలకు మరమ్మతు చేయించింది. వారు కాపుదలకని పైన పూసిన లక్కపూత కాలక్రమాన పసుపెక్కి, మసకబారింది. మన్ను రంగు నిలిచింది, పై మెరుగు నిలవలేదు. బొమ్మ మీద తెలియని వార్నిషు పూయకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

అయిదు రంగులు చేసుకుందాం

ఎరుపు: ఇంటి గోడలకు, గడపలకు పూసే జాజు తెలుసు కదా, అదే మీ మొదటి రంగు. లేదా పునాది తవ్విన చోట లోతునుంచి ఎర్రమన్ను తెచ్చుకోండి. రోడ్డు పక్కది, మందులు కొట్టిన చేనులోది వద్దు. పిడికెడు మన్ను ఒక గిన్నెడు నీళ్లలో బాగా కలపండి. ఒక నిమిషం ఆగండి. ఇసుక అడుగుకు చేరుతుంది. పైనున్న ఎర్రనీటిని మరో గిన్నెలోకి వంచి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి మెత్తని మడ్డి అడుగున ఉంటుంది. పైనీరు పారబోసి మడ్డిని పళ్లెంలో ఆరబెట్టండి.

ఇది ఎలా జరిగింది? నీటిలో సన్నని రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం పదోవంతు అయితే వేగం నూరోవంతు అవుతుంది. అందుకే ఇసుక నిమిషంలో దిగితే మెత్తని రేణువుకు రాత్రంతా పడుతుంది. రంగుకు కావలసింది ఆ ఆలస్యంగా దిగినదే. నల్లరేగడితో మాత్రం ఈ పని చేయకండి. అది తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బీటలు వారుతుంది. చేలో వేసవిలో చూసే పగుళ్లే మీ కాగితం మీద కూడా కనిపిస్తాయి.

పసుపు: పసుపుపచ్చని మన్ను దొరికితే ఇదే పద్ధతిలో చేయండి. ఇందులోనూ ఇనుమే ఉంది, కాని దానితో నీరు కలిసి ఉంది. ఇంట్లో పెద్దవారిని దగ్గర పెట్టుకొని కొంచెం పసుపు మన్నును ఇనుప గరిటెలో బాగా కాల్చి చూడండి. నీరు పోయి అది ఎరుపుగా మారుతుంది. బట్టీలో ఇటుక ఎర్రబడడానికీ ఇనుమే కారణం.

నలుపు: ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి కాటుక పట్టినట్లే మసి పట్టండి. ఇది దాదాపు శుద్ధమైన కార్బన్. ఎన్నేళ్లయినా వెలవదు.

తెలుపు: మెత్తని సుద్దపొడి. ఇంకా చిక్కని తెలుపు కావాలంటే పోస్టర్ రంగుల్లో తెల్లసీసా ఒక్కటి కొనండి.

నీలం: బట్టలకు పెట్టే పాతకాలపు పొడి నీలిమందు. ద్రవరూపంలో దొరికేది వేరు, అది వద్దు. ఈ పొడి పేరు అల్ట్రామెరైన్. అజంతాలో వాడిన నీలం ఆఫ్ఘనిస్థాన్‌నుంచి వచ్చే లాపిస్ లాజులి అనే ఖరీదైన రాయిది. 1828లో ఫ్రాన్సులో గిమే అనే రసాయనికుడు అదే పదార్థాన్ని కొలిమిలో తయారుచేశాడు. అప్పటినుంచి రాజుల నీలం చాకిరేవుకు చేరింది. దీనికి ఆమ్లం పడదు. నిమ్మరసం తగిలితే రంగు పోయి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది.

పసుపు, నీలం కలిపితే ఆకుపచ్చ. ఎరుపు, నలుపు కలిపితే గోధుమరంగు. ఇక కొరత ఏముంది?

బంక, గుడ్డ

నల్లతుమ్మ చెట్టు బంక ఒక వంతుకు రెండు వంతుల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి గుడ్డలో వడకట్టండి. ఆరాక పొరలు లేవకుండా రెండు చుక్కల తేనె కలపండి. తేనె గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది. పొడిని బంకనీటితో రాతిమీద నూరితే రంగు సిద్ధం. వేలితో రుద్దితే పొడి రాలుతుంటే బంక చాలలేదని అర్థం. ఆరాక పగిలితే బంక ఎక్కువైందని అర్థం.

కాగితం బదులు గుడ్డ మీద వేయాలంటే చేర్యాల నకాషీ కళాకారులను చూడాలి. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో వారు ఖద్దరు గుడ్డకు చింతగింజల గంజి, తెల్లమన్ను, బంకనీరు కలిపిన పూతను ఒకటి ఆరాక ఒకటి చొప్పున పూస్తారు. చింతగింజలోని పిండిపదార్థం నూలు పోగుల రంధ్రాలను పూడ్చి, రంగు పీల్చుకుపోకుండా ఆపుతుంది. ఊరూరా కులపురాణాలు చెప్పేవారు చుట్టచుట్టి మోసుకుపోయిన పటాలు ఇలాంటి గుడ్డ మీద వేసినవే. సిద్దిపేటవాసి కాపు రాజయ్య (1925–2012) ఈ నకాషీ సంప్రదాయం నుంచి స్ఫూర్తి పొంది, మన పల్లె జీవితాన్ని చిత్రించి దేశమంతటా పేరు తెచ్చుకున్నారు.

జాగ్రత్తలు

మీరు బొమ్మ వేసే గదిలోనే ఇంటివారు పడుకుంటారు. చంటిపిల్లలూ ఉండవచ్చు. అందుకని కొన్ని నియమాలు తప్పవు.

పొడి రంగును ఎప్పుడూ తడిచేసి నూరండి. పొడిగా నూరితే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టర్పెంటైన్, నూనెరంగులు మూసిన గదిలో వద్దు. వాటి ఆవిరి తలనొప్పి తెస్తుంది, నిప్పు తగిలితే మండుతుంది. ఇంట్లో మిగిలిన పాత పెయింటు డబ్బాలతో బొమ్మలు వేయకండి. పాత పెయింట్లలో సీసం ఎక్కువగా ఉండేది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరునుంచి అమలులోకి వచ్చింది. దానికి ముందటి డబ్బాలకు ఆ హామీ లేదు. కుంచె కొసను నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు ఉంటే ఇవాళే మానండి.

కుంచె కొనేటప్పుడు నైలాను వెంట్రుకలదే అడగండి. ముంగిస వెంట్రుకల కుంచెలు అమ్మడమూ కొనడమూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఒక్క కుంచె కోసం పాములను పట్టే జీవిని చంపడం ఏ కళకూ శోభ కాదు.

కుంచెలు కడిగిన నీళ్ల సంగతి కూడా చూడాలి. మన ప్రాంతపు వాననీరు మూసీ, ఈసీ నదుల ద్వారా 1920లో కట్టిన ఉస్మాన్ సాగర్‌కు, 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్‌కు చేరుతుంది. హైదరాబాద్ తాగిన నీరు అది. మన్ను, బంక కలిసిన నీటితో ప్రమాదం లేదు. దుకాణపు రంగులు కడిగిన నీటిని మాత్రం మోరీలో పోయకండి. ఒక డబ్బాలో పేరబెట్టి, పైనీరు ఆవిరయ్యాక అడుగు మడ్డిని కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వండి.

పెట్టెలో చిత్రశాల

టమాటలు తెచ్చే పెట్టె ఒకటి సంపాదించండి. అందులో: రెండు కుంచెలు (ఒకటి సన్నది, ఒకటి వెడల్పుది), అయిదు మూతల సీసాల్లో రంగుపొడులు, బంకముక్కలు, పింగాణీ పళ్లెం, రెండు నీళ్ల డబ్బాలు, పాతగుడ్డ, పెన్సిలు, కాగితాలు బిగించే అట్ట. బంకనీరు రెండు మూడు రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి, నిలవ ఉంటే బూజు పడుతుంది. పూర్తయిన బొమ్మలను వార్తాపత్రికల మధ్య దాచకండి. ఆ కాగితంలోని లిగ్నిన్ అనే పదార్థం పసుపెక్కి, ఆమ్లమై పక్క కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. వానాకాలంలో నేలకు, గోడకు ఆనించకుండా అటకమీద పెట్టండి. చెదలు, తేమ రెండూ తప్పుతాయి.

ఒక ప్రయోగం

ఒక తెల్లకాగితం మీద నాలుగు పట్టీలు గీయండి: జాజు, నీలిమందు, పసుపు, బంతిపూల రసం. పక్కన ఒక వార్తాపత్రిక ముక్క అతికించండి. అన్నిటికీ సగం వరకు నల్లకాగితం కప్పి, దక్షిణపు కిటికీలో నెలరోజులు ఉంచండి. వారానికోసారి నల్లకాగితం ఎత్తి రెండు సగాలనూ పోల్చి తేదీతో సహా నోటు పుస్తకంలో రాయండి. నెలాఖరున ఏ రంగును నమ్మవచ్చో, దేనిని నమ్మకూడదో మీకే తెలుస్తుంది. ఆ కాగితాన్ని మీ చిత్రశాల గోడకు తగిలించండి. తరువాత కొత్త రంగు ఏది చేతికొచ్చినా ముందు దానికి ఒక పట్టీ గీయండి, ఆ తరువాతే బొమ్మకు వాడండి.