కడుపునొప్పి – రక్తపుపోటు మాత్ర

కడుపునొప్పికై రాజాం నుండి విశాఖపట్టణము పోవువారి సంచిలో స్కానింగు ఫోటోలు, రక్తపరీక్షల కాగితములు అన్నియు ఉండును. దినదినము వేసికొను రక్తపుపోటు మాత్రల షీటు మాత్రము తఱచు ఇంటిగూటిలోనే యుండిపోవును. కడుపునొప్పికి ఆ మాత్రతో ఏమి పని యని తలంతురు. అరుదుగానైనను పని యుండును.

బ్రెజిల్ దేశమున జరరాక యను విషసర్పము కలదు. బ్రాడికినిన్ అను దేహద్రవ్యము యొక్క బలమును హెచ్చించు పదార్థము ఆ విషములో కలదని సెర్జియో ఫెరేరా 1965లో వెల్లడించెను. ఆ జాడనుబట్టి అమెరికాలో కుష్‌మన్, ఒండెట్టి అనువారు కాప్టోప్రిల్‌ను రూపొందించిరి. 1981లో దానికి అచ్చట అనుమతి లభించినది. తరువాత ఎనలాప్రిల్, లిసినోప్రిల్, రామిప్రిల్ వచ్చినవి. పేరు చివర 'ప్రిల్' అని యుండుటయే వీని గుర్తు.

రక్తనాళములను బిగించు పదార్థము తయారగుటకు తోడ్పడు ఎంజైమును ఈ మందులు అడ్డగించును. అందుచే పోటు తగ్గును. కాని బ్రాడికినిన్‌ను విఱుగగొట్టునది కూడ ఆ ఎంజైమే. తూము మూసిన చెఱువువలె బ్రాడికినిన్ నిలువ చేరగా, సన్నని రక్తనాళముల నుండి నీరు ఊరి కణజాలము ఉబ్బును. చాలమందికి ఏమియు కాదు. కొందఱికి పొడిదగ్గు వచ్చును. బహు కొద్దిమందికి పెదవులు, నాలుక వాచును. నాలుక వాచి ఊపిరి అందనిచో క్షణమైనను ఆగక 108కి ఫోను చేయవలెను. అంతకంటె అరుదుగా ఆ వాపు చిన్నప్రేవు గోడలో పుట్టును.

అప్పుడు పైకి దద్దురు లేదు, దురద లేదు. తీవ్రమైన నొప్పి, వాంతులు, ఒక్కొక్కప్పుడు విరేచనములు. నేరము రాత్రి తిన్న చేపలపులుసు మీద పడును! రెండు మూడు దినములలో తగ్గి, కొన్నాళ్లకు మరల వచ్చును. మందు మొదలిడిన కొలది దినములకే రావచ్చును. ఏండ్ల తరువాతను రావచ్చును. స్త్రీలలో ఎక్కువగా కనబడినది. సి.టి. స్కాన్‌లో ప్రేవు గోడ మందముగా కానవచ్చును. మాత్ర సంగతి తెలియక, అవసరము లేని ఆపరేషను చేయించుకొన్నవారును కలరు.

'నాకు పోటు లేదు, అది కిడ్నీ మాత్ర' అనువారు కూడ పేరు చూచుకొనవలెను. ఉద్దానపు మూత్రపిండవ్యాధి మన ప్రాంతమునకు క్రొత్త కాదు గదా! మూత్రములో ప్రోటీను పోవువారికి, గుండె బలహీనపడినవారికి కూడ 'ప్రిల్' మాత్రలు ఇత్తురు.

అనుమానము కలిగినచో షీటును వైద్యునికి చూపవలెను. తమంత తాము మాని, మఱియొక మందు లేక ఊరకుండిన, పోటు పెరిగి పక్షవాతమునకు దారితీయవచ్చును. వైద్యుడు ఆ మాత్రను ఆపించినచో సాధారణముగా రెండు మూడు దినములలో వాపు తీయును. ఇట్లు ప్రేవు వాచినవారికి వేఱొక 'ప్రిల్' కూడ పనికిరాదు. ఎమ్లోడిపిన్ వంటి వేఱు తెగ మందులు కలవు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ తెగలోను ఇట్టి వాపు కనబడినది గాని, అది మఱింత అరుదు.