రెండున్నర కోట్ల కూత

1997 డిసెంబర్ 30న పుట్టపర్తి హిల్ వ్యూ స్టేడియంలో ఒక వన్డే మ్యాచ్ జరిగింది. పేరు యూనిటీ కప్. గెలిచినవాళ్లకు పాయింట్లు లేవు, ఓడినవాళ్లకు పోయేదీ లేదు. ఒకవైపు సచిన్ టెండూల్కర్ ఉన్న భారత జట్టు, మరోవైపు అర్జున రణతుంగ నాయకత్వంలో ప్రపంచ జట్టు. ధర్మవరం నుంచి వచ్చే దారీ, పెనుకొండ నుంచి వచ్చే దారీ కలిసేది కొత్తచెరువులో. అక్కడి నుంచి పుట్టపర్తి కూతవేటు దూరం. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే ఈ మెట్ట నేలకు సచిన్ వచ్చి బ్యాట్ పట్టాడన్నది ఇరవై ఎనిమిదేళ్లయినా పాతబడని కబురు.

2024 సెప్టెంబర్‌లో తారలు మళ్లీ ఈ సీమకు వచ్చారు. అనంతపురం ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ. ఇషాన్ కిషన్ ఒక సెంచరీ, సంజూ శాంసన్ ఒక సెంచరీ కొట్టి వెళ్లారు. ఆ టోర్నీలో జనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. శుభ్‌మన్ గిల్, కేఎల్ రాహుల్, కుల్దీప్ యాదవ్ వంటివాళ్లున్న 'ఎ' జట్టు బెంగళూరులో తొలి మ్యాచ్‌లో 76 పరుగుల తేడాతో ఓడిపోయింది. వాళ్లంతా టెస్టు జట్టులోకి వెళ్లిపోయాక మయాంక్ అగర్వాల్ పగ్గాలు పట్టాడు. మిగిలినవాళ్లతోనే అనంతపురంలో రెండు మ్యాచ్‌లు గెలిచి, సెప్టెంబర్ 22న ట్రోఫీ ఎత్తుకుపోయాడు. ఒక్క టోర్నీతో సిద్ధాంతం చేయలేం. కానీ తారల కోసం కోట్లు కుమ్మరించే లీగుల లెక్క చూడాలంటే ఇది మంచి మొదలు.

ఆ లెక్క అందరికంటే ఎక్కువగా తెలిసిన తెలుగు జట్టు క్రికెట్‌ది కాదు. చెడుగుడుది. పేరు తెలుగు టైటాన్స్.

2014 జులైలో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది జట్లలో టైటాన్స్ ఒకటి. ఆ ఏడాది వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.80 లక్షలు. మట్టిలో ఆడే ఆటను రబ్బరు మ్యాట్ మీదకి, రాత్రి ఎనిమిది గంటల టీవీలోకి తెస్తే ఎవరు చూస్తారన్న అనుమానం అప్పట్లో చాలామందికి ఉండేది. తొలి సీజన్‌ను 43.5 కోట్ల మంది చూశారని లెక్క తేలాక అనుమానం పోయి, వేలం పాట మొదలైంది. నాలుగేళ్లు తిరిగేసరికి, 2018లో, కబడ్డీ ఆటగాడి ధర తొలిసారి కోటి దాటింది. ఆ ఏడాదే టైటాన్స్ తమ ముద్దుల రైడర్ రాహుల్ చౌదరిని 1.29 కోట్లకు అట్టే పెట్టుకుంది.

రాహుల్ తెలుగువాడు కాదు, ఉత్తరప్రదేశ్ కుర్రాడు. అయినా మొదటి ఆరు సీజన్లూ టైటాన్స్ అంటే అతనే. అతనున్న కాలంలో జట్టు 2015లో మూడో స్థానం, 2016లో నాలుగో స్థానం తెచ్చుకుంది. తరువాత అభిమానుల ఆకలి పెరిగింది, యాజమాన్యం చెయ్యి వదులైంది. 2019లో రాహుల్ వెళ్లిపోయాడు. అంతకుముందు ఏడాది యు ముంబాలో మెరిసిన సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లు పోసి తెచ్చారు. యు ముంబా అతణ్ని కొన్నది 36.40 లక్షలకే. వచ్చిన ఏడాది టైటాన్స్ పన్నెండు జట్లలో పదకొండోది. 2021లో అతణ్నే 1.30 కోట్లకు మళ్లీ ఉంచుకున్నారు. మూడు మ్యాచ్‌లు ఆడి భుజం గాయంతో పక్కకు తప్పుకున్నాడు. 22 మ్యాచ్‌లలో జట్టు గెలిచింది ఒకటి.

ఆ మరుసటి సీజన్లో గెలిచింది రెండు.

అప్పటికి దేశంలో కబడ్డీ అంటే అందరి నోటా వచ్చే పేరు పవన్ సెహ్రావత్. బెంగళూరు బుల్స్‌కు ఆడుతూ 2019 జనవరి ఫైనల్లో ఒక్కడే 22 పాయింట్లు తెచ్చి కప్పు గెలిపించాడు. వరుసగా మూడు సీజన్లు రైడ్ పాయింట్లలో అతనే మొదటివాడు. కొత్తచెరువుకు హైదరాబాద్ కంటే బెంగళూరే చాలా దగ్గర. కూలికైనా కొలువుకైనా ఈ ప్రాంతం వాళ్లు రైలెక్కేది అటే. కాబట్టి 'హై ఫ్లయర్' పవన్ ఇక్కడి కుర్రాళ్లకు పరాయివాడు కాదు. 2023 అక్టోబర్ 7న హాంగ్‌ఝౌ ఏషియాడ్ ఫైనల్లో ఇరాన్‌ను 33-29తో ఓడించి భారత్‌కు స్వర్ణం తెచ్చిన జట్టుకు అతనే కెప్టెన్. రెండు రోజులకే ముంబయిలో వేలం మొదలైంది. టైటాన్స్ చెయ్యి ఎత్తి దించలేదు. ధర 2.605 కోట్ల దగ్గర ఆగింది. కబడ్డీ చరిత్రలో అంత ధర అంతకుముందు లేదు.

ఈ డబ్బు ఎంతో ఈ మెట్ట ప్రాంతం కొలతలో చూడాలంటే వేరుశనగలోకి మార్చుకోవాలి. ఆ ఏడాది క్వింటాలు మద్దతు ధర 6,377 రూపాయలు. పవన్ ఒక్క సీజన్ ధర నాలుగు వేల క్వింటాళ్ల పైమాటే.

అసలు చిక్కు ఆ మొత్తంలో లేదు, దాని వాటాలో ఉంది. ప్రొ కబడ్డీలో ఒక జట్టు ఆటగాళ్ల మీద పెట్టగలిగిన ఖర్చుకు కట్టిన హద్దు, అంటే పర్సు, అయిదు కోట్లు. ఒక్క మనిషికే సగం దాటి పోయింది. జట్టులో కనీసం పద్దెనిమిది మంది ఉండాలి. మిగిలిన 2.395 కోట్లను పదిహేడు మందికి పంచితే తలకు పద్నాలుగు లక్షలు. లెఫ్ట్ కార్నర్, రైట్ కార్నర్, కవర్లు, రెండో రైడర్ అందరూ అందులోనే సర్దుకోవాలి.

ఈ ఆటలో ఒక మెలిక ఉంది, వేలం బల్ల దగ్గర అది ఎవరికీ గుర్తుండదు. క్రికెట్లో పెద్ద బౌలర్ తన నాలుగు ఓవర్లు తాను వేసుకోగలడు. చెడుగుడులో పట్టుబడిన రైడర్ బయట కూర్చోవాలి. తోటివాడు ఎదుటి జట్టులో ఒకణ్ని ఔట్ చేస్తే గానీ మళ్లీ లోపలికి రాలేడు. అంటే రెండున్నర కోట్ల మనిషి గీత అవతల మోకాళ్లు పట్టుకుని కూర్చుంటే, అతణ్ని లేపాల్సింది పద్నాలుగు లక్షల మనిషి. ఆ మనిషి కూతకు వెళ్లి వట్టి చేతులతో వస్తే నలభై నిమిషాల ఆటలో తార ఎంతసేపు మ్యాట్ మీద ఉన్నట్టు? పవన్ ఆ సీజన్లో తన పని తాను చేశాడు, 200 దాటి రైడ్ పాయింట్లు తెచ్చాడు. టైటాన్స్ గెలిచింది మాత్రం 22లో రెండే మ్యాచ్‌లు. మళ్లీ అట్టడుగు. మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, అయిదు గెలుపులు.

అదే వేలంలో పుణెరి పల్టన్ ఇరాన్ ఆల్‌రౌండర్ మహమ్మద్‌రెజా షాద్లూని 2.35 కోట్లకు కొంది. అదీ చిన్న ధర కాదు. కానీ పల్టన్ చేతిలో అప్పటికే అస్లం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఒకే చోట కలిసి ఆడి, తక్కువ ధరకే జట్టుతో మిగిలిపోయినవాళ్లు. కట్టిన గోడ మీద షాద్లూ పైకప్పులా వచ్చి కూర్చున్నాడు. 2024 మార్చి 1న ఫైనల్లో హర్యానా స్టీలర్స్‌ను 28-25తో ఓడించి పల్టన్ కప్పు గెలిచింది. ఆ ఫైనల్ జరిగింది ఎక్కడో కాదు, హైదరాబాద్ గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో, టైటాన్స్ సొంతింట్లో.

తారల జట్ల లెక్కను ఇంకా పచ్చిగా చూపించే ఆట ఒకటి స్వీడన్‌లో ఉంది. దాన్ని స్పీడ్‌వే అంటారు. బ్రేకులు లేని 500 సీసీ మోటార్ సైకిళ్లు, మిథనాల్ ఇంధనం, వదులు మట్టి ట్రాక్, నలుగురు రైడర్లు, నాలుగు చుట్లు. నిమిషంలో పందెం అయిపోతుంది. అక్కడి లీగులో ఒక్కో పందేనికి ఒక్కో జట్టు నుంచి ఇద్దరు దిగుతారు. మొదటివాడికి 3 పాయింట్లు, తరువాత 2, 1, చివరివాడికి సున్నా. ఆరుసార్లు ప్రపంచ విజేత టోనీ రికార్డ్‌సన్ అంతటివాడే మొదట వచ్చాడనుకుందాం. అతని జోడీ చివర వస్తే ఆ జట్టుకు వచ్చేది మూడు. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన ఎదుటి ఇద్దరికీ కలిపి మూడు. ప్రపంచ విజేతను పెట్టుకుని సాధించింది డ్రా. సంపాదన కూడా ఎక్కువగా పాయింటుకింత చొప్పున ఉండే ఆట కాబట్టి, తార గెలిచిన ప్రతిసారీ క్లబ్బు జేబు కరుగుతుంది, జట్టు గెలిచినా గెలవకపోయినా.

అందుకే అక్కడ జట్టు బలానికి హద్దు కడతారు. రైడర్ల సగటు పాయింట్లన్నీ కలిపి ఇంతకు మించకూడదన్నది నియమం. పెద్ద తార ఒకడు వస్తే ఆ సగటులో అతని వాటా పోగా మిగిలిన దాంట్లోనే తక్కినవాళ్లను వెతుక్కోవాలి. ఇక్కడి పర్సు, అక్కడి సగటు. రెండూ ఒకే పని చేస్తాయి. రెండు వేల జనాభా కూడా లేని మొలీల్లా ఊరికి సొంత స్పీడ్‌వే జట్టుంది, ప్రపంచ గ్రాండ్‌ప్రీ పోటీలూ అక్కడ జరిగాయి. అలాంటి ఊరి క్లబ్బు పోలండ్ నుంచి ప్రపంచ స్థాయి రైడర్‌ను రప్పిస్తే టికెట్లు తెగుతాయి. ఆ రైడర్ మాత్రం వారంలో రెండు మూడు దేశాల్లో పందేలాడి, విమానంలో ఇంకో ఊరికి పోయే మనిషి.

రాయలసీమలో ఈ పద్ధతి కొత్తది కాదు. జాతర చెడుగుడు పోటీలకు ఊరి జట్టు పక్క జిల్లా నుంచో, కర్ణాటక నుంచో ఒక 'గెస్టు' రైడర్‌ను మాట్లాడుకుని తెచ్చుకోవడం అందరికీ తెలిసిందే. చార్జీలు, భోజనం, చేతికి కొంత. మైకు పట్టుకున్నాయన అతని పేరు ఊరంతా వినపడేలా మోగిస్తాడు, జనం రెండింతలవుతారు. ఊరి కుర్రాళ్లలో ఒకడు బెంచీ మీదకి వెళ్తాడు. ఎంత చిన్న పోటీ అయినా ఆ బెంచీ గొడవ తప్పదు.

క్రికెట్లో తెలుగువాళ్లు ఈ పాఠం ఇంకా ముందే, ఇంకా పెద్ద ఫీజు కట్టి నేర్చుకున్నారు. 2008 ఐపీఎల్ వేలంలో డెక్కన్ చార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొంది. ధోనీ తరువాత అదే పెద్ద ధర. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిదీ, ఆర్పీ సింగ్ కూడా ఉన్నారు. ఐకాన్ హోదా తీసుకుంటే జట్టులోని అత్యధిక ధరకు పైన మరో పదిహేను శాతం ఇవ్వాలని నియమం. జట్టుకు డబ్బు మిగలాలని వీవీఎస్ లక్ష్మణ్ ఆ హోదానే వదులుకున్నాడు. లీగ్ మొత్తంలో అలాంటి పని చేసిన పెద్దమనిషి అతనొక్కడే అనిపిస్తుంది. ఇంత చేసినా చార్జర్స్ 14 మ్యాచ్‌లలో రెండు గెలిచి అట్టడుగున నిలిచింది. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్‌గా అదే జట్టు కప్పు గెలిచింది. కుదురుకోవడానికి ఏడాది పట్టిందంతే.

తారలు ఎప్పుడూ ముంచుతారనీ కాదు. 2024 ఐపీఎల్ ఫైనల్ ఆడిన రెండు జట్లలోనే ఆ సీజన్ వేలంలో అందరికంటే ఖరీదైన ఇద్దరూ ఉన్నారు. కోల్‌కతాలో 24.75 కోట్ల స్టార్క్, హైదరాబాద్‌లో 20.5 కోట్ల కమిన్స్. ఫైనల్లో స్టార్క్ సన్‌రైజర్స్‌ను ఆదిలోనే విరిచేశాడు, హైదరాబాద్ 113కే కూలింది. అప్పటి పర్సు వంద కోట్లు. స్టార్క్ వాటా నాలుగో వంతు, కమిన్స్ వాటా అయిదో వంతు. పవన్ వాటా సగం పైన. పోల్చాల్సింది ఇదే.

2024 కబడ్డీ వేలంలో టైటాన్స్ పవన్‌ను 1.725 కోట్లకు తిరిగి పట్టుకుంది. సీజన్ మధ్యలో అతనికి గాయమైతే, పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోని విజయ్ మలిక్ రైడింగ్ భారం భుజాన వేసుకున్నాడు. జట్టు పన్నెండు మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్ గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఇదే కథ 2022లో తమిళ్ తలైవాస్‌కూ జరిగింది. 2.265 కోట్లకు తెచ్చుకున్న పవన్ తొలి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్‌కే దూరమయ్యాడు. కొత్త కుర్రాడు నరేందర్ రెచ్చిపోగా తలైవాస్ తొలిసారి సెమీఫైనల్ చేరింది.

2025లో టైటాన్స్ దారి మార్చింది. ఆ వేలంలో పదిమంది కోటి దాటారు, వాళ్లలో ఒక్కరినీ టైటాన్స్ కొనలేదు. అందరికంటే ఎక్కువ ఇచ్చింది భరత్ హుడాకు, 81.50 లక్షలు. విజయ్ మలిక్‌ను 51.50 లక్షలకు ఉంచుకుని కెప్టెన్‌ను చేసింది. పవన్‌ను వదిలేస్తే తలైవాస్ 59.50 లక్షలకు తీసుకుంది. ఆగస్టు 29న విశాఖలో తెలుగు జట్టుతో జరిగిన తొలి మ్యాచ్‌లోనే అతను తలైవాస్ జెర్సీలో దిగాడు. తలైవాస్ 38-35తో గెలిచింది. సొంత జట్టు మీదకి కూతకు వస్తున్న పవన్‌కు అరవాలా, అతణ్ని పట్టిన డిఫెండర్‌కు అరవాలా అన్నది టైటాన్స్ అభిమానికి ఆ రాత్రి పెద్ద చిక్కే.

సీజన్ సాగేకొద్దీ చిక్కు వీడింది. 2016 తరువాత తొలిసారి టైటాన్స్ ప్లేఆఫ్స్‌కు చేరింది. బెంగళూరును, పట్నాను దాటి క్వాలిఫయర్-2 దాకా వెళ్లి, పుణెరి చేతిలో 45-50తో ఆగింది. ఆ ఏడాది అత్యధిక ధర పలికిన షాద్లూని 2.23 కోట్లకు కొన్న గుజరాత్, అంతకుముందు సీజన్లో 301 రైడ్ పాయింట్లు తెచ్చిన దేవాంక్‌ను 2.205 కోట్లకు కొన్న బెంగాల్ రెండూ ప్లేఆఫ్స్ చూడలేదు. అదే షాద్లూ 2024లో 2.07 కోట్లకు హర్యానాకు వెళ్లి అక్కడా కప్పు గెలిపించాడన్నది మరిచిపోకూడదు. వరుసగా రెండు సీజన్లు రెండు జట్లకు కప్పు తెచ్చిన మనిషిని మూడో సీజన్లో మూడో జట్టు కొనకుండా ఎలా ఉంటుంది? ఎవరో ఒకరు చెయ్యి ఎత్తుతారు. ఎత్తకపోతే మరునాడు పేపర్లో ఫొటో పడదు, జెర్సీ అమ్ముడుపోదు, వేలం రోజు టీవీ ముందు కూర్చున్న అభిమాని ఈసారి కూడా మనవాళ్లు చేతులు ముడుచుకున్నారే అని తిట్టుకుంటాడు. 81.50 లక్షల భరత్‌ను కొన్న రోజున అలా తిట్టుకున్నవాళ్లే అక్టోబర్‌లో అతని పాయింట్లు లెక్కపెడుతూ కూర్చున్నారు.