పరిహాసం ఎక్కడ ఎగతాళి అవుతుంది?

దివ్య ఖుర్ఆన్ 49వ సూరా 'హుజురాత్'లోని 11వ ఆయతు విశ్వాసులను మూడు దుర్గుణాల నుండి వారిస్తున్నది. ఈ మూడింటినీ తెలుగులో 'ఎగతాళి' అన్న ఒక్క మాటతో సరిపెడితే భావం సగమే అందుతుంది.

మొదటిది 'సుఖ్రియ్య', అంటే ఎదుటివారిని నవ్వులపాలు చేయడం. కంకిపాడు, విజయవాడ ప్రాంతపు ఉర్దూ కుటుంబాలు ఎరిగిన 'మస్ఖరీ' ఈ ధాతువుదే. లొంగదీసుకోవడమనే అర్థమిచ్చే 'తస్ఖీర్' కూడా దీని నుండే పుట్టింది. అనగా ఎగతాళి చేసేవాడు ఎదుటివానిని తనకంటె తక్కువవానిగా నిలబెడుతున్నాడు. అతడే తనకంటె ఉత్తముడు కావచ్చునని ఆయతు హెచ్చరిస్తుంది. స్త్రీలకు ఈ హెచ్చరికను విడిగా మళ్ళీ చెప్పింది.

రెండవది 'లమ్జ్', ఎత్తిపొడుపు. మాటతోనే కాదు, కనుసైగతోనూ జరుగుతుంది. ఇతరులను ఎత్తిపొడవడాన్ని ఖుర్ఆన్ 'మిమ్మల్ని మీరే' ఎత్తిపొడుచుకోవడంగా పేర్కొన్నది. తోటి విశ్వాసి పరువు తన పరువే అన్నమాట.

మూడవది 'తనాబుజ్', కించపరిచే పేర్లు పెట్టి పిలుచుకోవడం. ఈ క్రియారూపంలోనే పరస్పరత ఉంది. ఒకరు పేరు పెడితే రెండవవారు ఊరుకోరు.

తెలుగులోనూ ఇటువంటి తేడాలున్నాయి. వదినామరదళ్ళ పరాచికంలో ఇద్దరూ నవ్వుతారు. వెక్కిరింతలో ఒకరి నడకను, మాటను అనుకరిస్తారు. హేళనలో మనిషినే లెక్కచేయరు. క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో నాలుక వల్ల కలిగే 20 ఆపదలను వివరిస్తూ పరిహాసాన్ని, ఎగతాళిని వేర్వేరుగా చర్చించారు. ఎదుటివాని మనసు నొచ్చుకోవడమే ఆయన చూపిన గీటురాయి.

హజ్రత్ ఆయిషా (ర) ఒకసారి హజ్రత్ సఫియ్యా (ర) పొట్టితనాన్ని సూచిస్తూ ఒక మాట అన్నారు. ఆ మాటను సముద్రంలో కలిపితే సముద్రజలం కూడా చెడిపోతుందని మహాప్రవక్త (స) మందలించినట్లు అబూదావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాలలో ఉన్నది.

మరి హదీసు ఉల్లేఖకులలో 'అఅ్‌మష్' (చూపు మందగించినవారు), 'అఅ్‌రజ్' (కుంటివారు) అనే పేర్లు ఎందుకున్నాయి? ఆ పండితులు ఆ పేర్లతోనే ప్రసిద్ధులు. గుర్తుపట్టడానికే తప్ప కించపరచడానికి కాదు గనుక విద్వాంసులు వాటిని అనుమతించారు. మన పల్లెల్లో 'కుంటోడు', 'గుడ్డోడు' అని పిలిచే అలవాటును ఈ మినహాయింపు కిందికి తేవడం సులభం కాదు. అక్కడ మనిషికి వేరే పేరుంది. ఆ పేరు పిలవడానికి అడ్డేమీ లేదు. అయినా లోపాన్నే పిలుస్తున్నారంటే అది గుర్తు కాదు, 'తనాబుజ్' అవుతుంది.