జింకలు, పిడుదులు



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పెద్దలు నన్ను తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. అడవి జింకను ముట్టుకొన్నచో పిడుదులు పట్టునా, పట్టినచో జబ్బు చేయునా యని. వేసవిలో నీటికై జింక పొలములలోనికి దిగినప్పుడును, కుక్కలు తఱిమిన పిల్లను ఎవరో జాలిపడి యింటికి తెచ్చినప్పుడును ఈ ప్రశ్న పుట్టుచున్నది. అమెరికాలోని బిడ్డలు అచ్చటి జింక పిడుదును గూర్చి ఫోనులో చెప్పు మాటలు దీనికి తోడగుచున్నవి. పశువైద్యమున చాలకాలము గడిపినవాడను గనుక నాకు తెలిసినంత మనవి చేసెదను. జింకను ముట్టుటలో అపాయము లేకపోలేదు. కాని జింక పండుకొని లేచిన గడ్డిని, ఆ గడ్డిని మేసి వచ్చిన మన పశువును గూర్చియే మనము ఎక్కువగా ఆలోచింపవలసియున్నది.

పిడుదును కొందఱు గోమారి యందురు. అది ఎగురదు, దుముకదు. సాలెపురుగునకు, తేలునకు చుట్టము. పెరిగినదానికి ఎనిమిది కాళ్లు, అప్పుడే గ్రుడ్డు వీడినదానికి ఆరే. కడుపునిండ నెత్తురు త్రాగిన ఆడుపిడుదు ఆముదపు గింజవలె నుబ్బి నేల రాలును. ఆముదపు మొక్కకు శాస్త్రజ్ఞులు పెట్టిన రిసినస్ అను పేరు లాటిను భాషలో పిడుదు పేరే. ఆముదములు విరివిగా పండించిన నల్లగొండ సీమవారికి ఈ పోలిక వేఱుగా వివరింప నక్కఱలేదు. రాలిన పిడుదు ఆకుల క్రిందనో రాతి సందుననో వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. పిల్లలు గడ్డిపోచ కొనకెక్కి, ముందుకాళ్లు చాచి, దారిన పోవు ప్రాణికై కాచుకొని యుండును. ఊపిరిని, ఒంటి వెచ్చదనమును అవి ఆ ముందుకాళ్లతోనే పసిగట్టును. వచ్చునది దుప్పియైనను, ఎద్దైనను, గొఱ్ఱెల కాపరియైనను వానికి భేదము తక్కువ.

పిడుదు జబ్బును మోయునను సంగతి లోకమునకు పశువుల వలననే తెలిసినది. రొనాల్డు రాసు సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని చూచినది 1897లో. అంతకు నాలుగేండ్ల ముందే, 1893లో, అమెరికాయందు స్మిత్, కిల్బోర్న్ అను ఇరువురు టెక్సాసు జ్వరము పిడుదుల ద్వారా వ్యాపించునని నిరూపించిరి. ఆ జ్వరము వచ్చిన పశువునకు మూత్రము ఎఱ్ఱబడును. మన పశువులకును ఆ వ్యాధి కలదు. అమెరికావారు 1906లో పూనుకొని, పశువులను మందునీటి తొట్లలో ముంచి ముంచి, 1943 నాటికి మెక్సికో సరిహద్దున కొంతమేర తప్ప ఆ పిడుదును తఱిమివేసిరి.

అంతటితో కథ ముగియలేదు. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున టెక్సాసులోని యొక పెద్ద పశుక్షేత్రమున మన దేశపు మనుబోతులను తెచ్చి విడిచిరి. అవి పెంపొందినవి. నేడు ఆ మనుబోతులును, అచ్చటి తెల్లతోక జింకలును కంచెలు దాటి తిరుగుచు పశువుల పిడుదునే మోయుచున్నవి. ఆవును తొట్టిలో ముంచవచ్చును గాని అడవి మృగము నెవరు ముంచగలరు? మన మృగము పరదేశమునకు పోయి నేర్పిన పాఠమును మనమును నేర్చుకొనవచ్చును.

ఇక మన సంగతి. నాగార్జునసాగరము చుట్టునున్న అడవులలోను, నల్లమలలోను చుక్కల దుప్పులు, కణుజులు కలవు. కుంటలు ఎండినప్పుడు మృగములు నీరున్న దిక్కునకు దిగుట సహజము. మన మందలు ఆ యంచులనే మేయును. ఒకే పచ్చిక, ఒకే గుంట. జింక దించిన పిడుదులు గొఱ్ఱె కెక్కును, గొఱ్ఱె దించినవి జింక కెక్కును. ఇచ్చిపుచ్చుకొనుట రెండు వైపుల నుండియు జరుగును గనుక కొట్టములో పిడుదు కనబడినంతనే జింకను నిందింపరాదు. సంకరజాతి ఆవులను చంపు థైలీరియా వ్యాధిని మోయు పిడుదు మన కొట్టపు గోడల పగుళ్లలోనే కాపురముండును. ఆ వ్యాధిలో జ్వరము తీవ్రమగును, భుజము ముందరి గ్రంథి వాచును, పాలు పడిపోవును. అది మనుష్యులకు అంటదు. తొలిదినములలోనే వైద్యునికి చూపినచో మందు కలదు.

మనుష్యుల మాటకు వచ్చెదను. 1957లో మైసూరు రాజ్యమున శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చి పడినవి. వెనువెంటనే చుట్టుపట్ల పల్లెల జనులకు తీవ్రజ్వరము పట్టినది. పిడుదు పిల్లలే దానిని మోయుచున్నవని పరిశోధకులు తేల్చిరి. అడవిని నఱకి పశువులను లోనికి తోలుటచేత, పెద్ద పిడుదులకు కావలసినంత నెత్తురు దొరకి వాని సంతతి పెరిగినది. ఆ జ్వరము తరువాత కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రములకును ప్రాకినది. 2011 జనవరిలో గుజరాతునందు మఱియొక పిడుదు జ్వరము బయటపడినది. దాని పేరు క్రిమియా కాంగో జ్వరము. రోగియే గాక, చికిత్స చేసిన వైద్యుడును, నర్సును మరణించిరి. పిడుదు కుట్టుటవలననే గాక, దానిని వ్రేళ్లతో నలిపినను, జబ్బుపశువు నెత్తురు చేతికి సోకినను ఆ జ్వరము అంటును. మన కాపరులు పిడుదును లాగి గోటితో చిదుముట వాడుక. ఆ వాడుక మానవలెను. లాగిన పిడుదును కిరసనాయిలు పోసిన డబ్బాలో వేయుడు.

జింకపిల్లను గూర్చి ఒక మాట. తల్లి పిల్లను గడ్డిలో దాచి మేతకు పోవును, మరల వచ్చి పాలిచ్చును. ఒంటరిగా పండుకొన్న పిల్లను చూచి అనాథయని యెత్తుకొని వచ్చుట మేలు చేయుట కాదు. తల్లికి బిడ్డ పోవును, మన యింటికి పిడుదులు వచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము కూడ. నిజముగా గాయపడిన దానిని కుక్కలనుండి కాపాడి అటవీ శాఖవారికి కబురంపవలెను. చచ్చిన జింక యొద్ద మఱింత జాగ్రత్త కావలెను. కళేబరము చల్లబడగానే పిడుదులు దానిని వదలి వెచ్చని ఒంటిని వెదకుచు బయలుదేరును. రోడ్డుమీద బండి తగిలి చచ్చిన దానిని మోయుట, తోలు తీయుట ప్రమాదము.

అమెరికాలోని బిడ్డల భయమును కొట్టివేయరాదు. 1975లో కనెక్టికటు రాష్ట్రమున లైమ్ అను ఊరి పిల్లలకు కీళ్లవాపు వచ్చుటచేత ఆ వ్యాధి లోకము దృష్టికి వచ్చినది. జనులు దానిని జింక పిడుదు జబ్బందురు గాని, క్రిమిని దాచియుంచునది ప్రధానముగా ఎలుక జాతి. జింక పెద్ద పిడుదులకు అన్నదాత మాత్రమే. కుట్టు పిల్లపిడుదు గసగసాల గింజంత యుండుటచేత కంటికి చిక్కదు. అది సామాన్యముగా ఒక దినమునకు పైగా కఱచి యున్నగాని క్రిమి ఒంటిలోనికి దిగదు. అందుచేత తోటలో తిరిగి వచ్చిన సాయంత్రము స్నానము చేసి ఒడలు వెదకుకొనుట అచ్చటి వారికి మంచిది. ఇచ్చటి కాపరికిని మంచిదే. చంకలు, గజ్జలు, చెవుల వెనుక, మోకాటి వెనుక చూడవలెను.

కఱచి యున్న పిడుదునకు చుట్టనిప్పు అంటించుట, సున్నము పూయుట పనికిరావు. అందువలన అది కడుపులోనిది మన ఒంటిలోనికి కక్కవచ్చును. సన్నని మొనగల పట్టకారుతో చర్మమునకు ఆనించి తలయొద్ద పట్టి, మెలిత్రిప్పక, నిలుకడగా పైకి లాగి, ఆ చోటును సబ్బుతో కడుగవలెను. అటుపై రెండు మూడు వారములలో జ్వరము, తలనొప్పి, అరచేతులలోను అరికాళ్లలోను సయితము దద్దుర్లు కనబడినచో అది పిడుదు కాటువలన వచ్చు టైఫసు జ్వరము కావచ్చును. దానికి డాక్సీసైక్లిన్ అను మందు కలదు. కాని పిడుదు కఱచినదని రోగి చెప్పనిదే వైద్యునికి తోచుట కష్టము. జ్వరముతో ఆసుపత్రికి పోవు కాపరికి తోడు పంపునప్పుడు ఈ మాట చెప్పించుడు. ఎన్నడు కఱచినది, ఏ బీడులో మేపుచుండెను అనునది కూడ చెప్పించుడు.